మూడు చెంచాల ఉప్పు

జనవరి 19

ఇది పురుగుమందుల దుకాణం వాళ్లు పోయినేడు ఇచ్చిన డైరీ. తారీకులు కలుస్తాయి గానీ వారాలు కలవవు. ఎవరి కంటన్నా పడితే ఎలీషబాకు ఏ వారమో కూడా తెలియదంటారని వారాలన్నీ కొట్టేసినాను. దానికే గంట పట్టింది.

ఆస్పత్రిలో నర్సమ్మ బీపీ చూసి, "అవ్వా, నీకు రోగం తక్కువ, దిగులెక్కువ. మాత్ర వేసుకో. దిగులు వస్తే ఎవరికన్నా చెప్పుకో" అనింది. "అందరికీ చెప్పినానమ్మా. ఇప్పుడు నన్ను చూస్తే పక్క సందులో పడి పోతన్నారు" అన్నాను. "అట్లయితే రాసుకో. మర్నాడు చదువుకుని, నిజంగా జరిగిందా లేదా చూసుకో" అనింది. నా చదువు రాత్రిబడిలో మూడు నెలలు, మిగతాది చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని నేర్చుకున్నది. ఒత్తులు తప్పుతాయి. చదివేది నేనే గనక నాకు తెలుస్తుంది.

ఈ పొద్దు దిగుళ్లు. కొడుకు వినయ్ కుమార్ ఆటో బ్రేకు కిర్రుమంటంది, మార్కాపురం రోడ్డు మీద లారీలు ఎక్కువ. కోడలు రేచల్ టీచరు ఉద్యోగం పరీక్షకు చదివి చదివి కళ్లు పోగొట్టుకుంటది. మా బర్రె చుక్క ఎడమ కొమ్ము కుడి కొమ్ము కంటే చల్లగా ఉంది. మా ఆయనకు ఏ దిగులూ లేదు, అది ఇంకో దిగులు. పేరు నిత్యానందం. పెట్టినవాళ్లు తెలిసే పెట్టినారు.

సంతోషం ఒకటి. పాలకేంద్రం రోడ్డు మీద నుంచి మా ఎదురింటికి, కేంద్రం చూసే కాశయ్య వసారాలోకి వచ్చింది. ఇన్నాళ్లు క్యాను పట్టుకుని ఇరవై నిమిషాలు నడిచేదాన్ని. దారి పొడుగునా పాలు విరుగుతాయేమోనని భయం. ఇప్పుడు పదిహేను అడుగులు. రేపటి నుంచి అందరికంటే నేనే ముందు.

జనవరి 20

ఆరుకు పాలు పిండినాను. ఆరుంబావుకు పోసినాను. నేనే మొదలు.

పాలు చూసే మిషన్ రిపేరుకు పోయిందంట. వచ్చేదాకా గాజు గొట్టంతో చూస్తారంట. కింద లావు, లోపల గుండ్లు, పైన సన్నటి కాడ, కాడ మీద అంకెలు. లాక్టోమీటరంట. పాలల్లో వదిలితే నిలబడి తేలుతుంది. పాలు చిక్కనైతే పైకి నిలుస్తుంది, నీళ్లు కలిసినాయంటే లోపలికి దిగుతుంది. 28 అన్నా ఉండాల.

కాశయ్య నా పాలల్లో వేసినాడు. బుడుంగుమని దిగి, పైకొచ్చి, నిలబడింది. 25.

కాశయ్య గొట్టాన్ని చూసి, నన్ను చూసి, మళ్లీ గొట్టాన్ని చూసినాడు. "క్యాను కడిగిన నీళ్లు అడుగున ఉండిపోయినయ్యేమో పెద్దమ్మా" అన్నాడు మర్యాదగా. రిజిస్టరులో నా పేరు పక్కన ఎర్రగీత గీసినాడు. పోసుకోవడం పోసుకున్నాడు. కాశయ్య తన టీకి రోజూ మొదటి పాలే తీసుకుంటాడు, ఈ పొద్దు కూడా నా పాలే గిన్నెలో పట్టినాడు. నీళ్ల పాలని అనుకుంటే పట్టేవాడా. అదొక్కటే ధైర్యం.

క్యానులో నీళ్లే ఉండుంటాయి. అంతే.

జనవరి 21

క్యాను రాత్రే కడిగి బోర్లించినాను. పొద్దున గుడ్డ పెట్టి తుడిచినాను. మళ్లీ తుడిచినాను. గుడ్డలో తడి ఉందేమోనని ఇంకో గుడ్డతో తుడిచినాను. ఆరుంబావు లోపలే పోయినాను, నురగ కూడా అణగలేదు.

25. రెండో ఎర్రగీత.

జనవరి 22

24.

దుకాణం వెంకటసుబ్బులమ్మ నా వెనకనే క్యాను పట్టుకుని నిలబడి ఉంది. "వదినా, మీ కుళాయి ఈ పొద్దు బాగా వచ్చినట్టుందే" అనింది. అందరూ నవ్వినారు. నేను కూడా నవ్వినాను. ఎందుకు నవ్వినానో.

ఐదు గీతలైతే సూపర్‌వైజరు వచ్చి కార్డు తీసేస్తాడంట. రెండో తారీకు వస్తాడంట. కార్డు పోతే పాలెక్కడ పోయాల. మేపలేకపోతే చుక్కను అమ్ముదామంటాడు వినయ్. దాన్ని ఇంతప్పుడు చేత్తో పాలు తాగించి పెంచినాను. అమ్మడం సంగతి అట్ల ఉంచు, నలభై ఏళ్లు ఈ ఊళ్లో ఉండి, ఎలీషబా నీళ్లు కలిపే మనిషి అనిపించుకుని పోతానా.

జనవరి 23

ఆయన్ని నేను అనుమానించడం లేదు. ఊరికే, పాల గిన్నెకు లోపల బొగ్గుతో గీత పెట్టినాను. నేను మేత వేసి వచ్చేలోపల ఎవరన్నా ఇంత తాగి అంత నీళ్లు పోస్తే తెలుస్తుంది కదా అని. ఎవరన్నా అంటే ఎవరైనా.

పొద్దున్నుంచి ఆయన మీసాలే చూస్తన్నా. "ఏందే, నా మూతి అంత బాగుందా ఈ పొద్దు?" అన్నాడు. "పాల మరక ఉందేమోనని" అన్నాను. నోరు జారింది. ఆయన మూతి తుడుచుకుని, "అరవయ్యేడేళ్ల కుర్రాణ్ని, దొంగపాలు తాగే వయసేలే" అన్నాడు. కోపం కూడా తెచ్చుకోడు.

ఈ గొడవలో చుక్క పలుపు తెగింది. దాన్ని పట్టుకొచ్చి కట్టేసరికి పాలు పిండి గంటంబావు అయ్యింది. ఏడున్నరకు పోసినాం. భయపడుకుంటా పోయినాను, ఆలస్యమైంది, పాలు పాడయ్యుంటాయని.

28.

నిన్న దాణాలో వేరుశనగ చెక్క కొంచెం ఎక్కువ పెట్టినాను. అదే అయ్యుంటుంది. రేపు ఇంకా ఎక్కువ పెడతా.

జనవరి 24

దూడ తాడు తెంపుకుని పాలన్నీ తాగేసింది. పోయలేదు, గీత లేదు. దూడను తిట్టలేదు.

జనవరి 25

ఆదివారం. చర్చికి పోవాల కాబట్టి ఆరుంబావుకే పోసినాను. చెక్క రెండింతలు పెట్టినా 25. నాలుగో గీత.

ప్రార్థన మనవులు చెప్పమంటే లేచి, "ఒక కుటుంబానికి ఒక నింద వచ్చింది, ఎవరని అడక్కండి" అన్నాను. వెనక నుంచి ఎవరో, "చుక్క కోసం కూడా ప్రార్థన చేద్దాం" అన్నారు. ఆమేన్ గట్టిగానే వినపడింది.

జనవరి 26

పొద్దున ఆరుంబావు, 25. ఐదో గీత.

కాశయ్య పక్కకు పిలిచినాడు. "పెద్దమ్మా, నువ్వు కలిపేదానివి కాదని నాకు తెలుసు. గొట్టానికి తెలియదు కదా. రెండో తారీకు దాకా ఒక్క రోజు తగ్గకుండా పోస్తే, సూపర్‌వైజరును నేను నోరు తెరిచి అడుగుతా. ఇంకొక్కసారి తగ్గిందంటే నా చేతిలో లేదు."

ఇంటికొచ్చి ఏడవబోతంటే రేచల్ పుస్తకం మూసింది. "అత్తా, ఏడ్చేది తర్వాత. ముందు కూర్చోండి. నాకు పాఠం చెప్పడం ప్రాక్టీసు కావాల, మీరు ఎనిమిదో తరగతి పిల్ల" అనింది. ఆయన కూడా వచ్చి కూర్చుని, "నేను లాస్టు బెంచి" అన్నాడు.

తేలేవి మునిగేవి పాఠం. తొట్టిలో నీళ్లు పోసింది. "బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి. అవునా కాదా?" అనింది. అవునన్నాను. ఎవరైనా అదే అంటారు. ఆయన లేచి పెరట్లో నుంచి గోరంత పలక ముక్క, చేతికర్రంత వేపకొమ్మ తెచ్చినాడు. ముప్పై ఏళ్లు పలకల పని చేసిన మనిషి. "గోరంతదైనా పలక మునుగుద్ది. ఇద్దరు మోసే వేపమొద్దయినా తేలుద్ది. వాగులో ఎన్నిసార్లు చూసినానో" అన్నాడు. వేసి చూపించినాడు. అట్లనే అయ్యింది.

"లాస్టు బెంచికి మార్కులన్నీ" అనింది రేచల్. "మొత్తం బరువు కాదత్తా. ఎంత చోటులో ఎంత బరువు ఉంది, అదీ లెక్క. దాన్ని సాంద్రత అంటారు."

ఆ మాటకు నాకు నోరు తిరగలేదు. నాకు అర్థమయ్యేటట్టు ఇట్ల పెట్టుకున్నా. మార్కాపురం బస్సులో యాభై మంది ఎక్కితే ఇరుకు, పది మంది ఎక్కితే విశాలం. బస్సు అదే. పలకలో బరువు ఇరుగ్గా ఉంది, వేపలో విశాలంగా ఉంది. నీళ్ల కంటే ఇరుకుగా ఉంటే మునుగుద్ది, విశాలంగా ఉంటే తేలుద్ది. రేచల్‌తో చెబితే, "ఇది పుస్తకంలో కంటే బాగుంది" అనింది. నా మెప్పు కోసం అనలేదు, రాసుకుంది.

తర్వాత ఒక సర్బత్ సీసా పట్టుకుని ముగ్గురం వెంకటసుబ్బులమ్మ దుకాణానికి పోయినాం, కాటా కోసం. అదే సీసా నిండా నీళ్లు పోసి తూచినాం. అదే సీసా నిండా నూనె. అరవై గ్రాములు తక్కువ. "అందుకే పులుసు మీద తేలేది" అన్నాడు ఆయన. అదే సీసా కడిగి, మధ్యాహ్నానికి ఉంచుకున్న పాలు. నీళ్ల కంటే ఇరవై గ్రాములు ఎక్కువ. పాలు నీళ్ల కంటే ఇరుకన్న మాట. గొట్టం అందుకే పాలల్లో పైకి నిలుస్తుంది.

వెంకటసుబ్బులమ్మ కాటా వైపు తొంగి చూసి, "ఏంది వదినా, పాలు తూకానికి పోస్తన్నావా, కలిపిన నీళ్ల బరువు చూసుకుంటన్నావా" అనింది. రేచల్ వెంటనే, "పిన్నమ్మా, మీ కాటా నిజం చెబుతుందా లేదా చూస్తన్నాం" అనింది. ఆమె గుడ్డ తీసుకుని కాటా తుడిచింది.

చివర్లో గుడ్డు. మంచినీళ్లలో వేస్తే మునిగింది. నీళ్లలో ఉప్పు కలిపితే లేచి తేలింది. ఉప్పు నీళ్లలో ఇమిడిపోయి, అదే చోటులో బరువు పెంచుతుందంట. గుడ్డు మారలేదు, నీళ్లే మారినాయి.

ఉప్పు వేస్తే తేలింది. ఊరికే రాసుకుంటన్నా.

జనవరి 27

ఆరుంబావు. 30. కాశయ్య, "చూసినావా పెద్దమ్మా, మనసు పెడితే" అన్నాడు.

వేరే ఏమీ లేదు. తల నొప్పిగా ఉంది. ఈ పొద్దు రాయను.

జనవరి 28

ఈ పొద్దు పాలు పోయలేదు. దూడకు నలతగా ఉందని చెప్పినాను. దూడ గంతులేస్తంది, కాశయ్య ఇంటికి కనపడుతుందేమోనని లోపల కట్టేసినాను.

పొద్దున్నే ఎదురింట్లో కేకలు. పదిహేను అడుగులు కదా, అన్నీ వినపడతాయి. నిన్నటి టీ గురించి. కాశయ్య అంటన్నాడు, "చక్కెర డబ్బాకూ ఉప్పు డబ్బాకూ తేడా తెలియదా నీకు? ఊరోళ్లు నలుగురు వసారాలో కూర్చుని టీ ఊసినారు." ఆయన పెళ్లాం విజయ అంటంది, "నేను ఉప్పు వెయ్యలేదు, వెయ్యలేదు, వెయ్యలేదు. వేసినానంటే ఇక నువ్వే పెట్టుకో టీ." గిన్నె నేలకు తగిలిన చప్పుడు.

రాసేస్తా. రాయకపోతే బీపీ పెరుగుద్ది.

నేనే వేసినాను. మూడు చెంచాలు. మూడు లీటర్లకు ఎంత వెయ్యాలో తెలియదు. ఒకటి చాలేమో అనుకున్నా. చాలకపోతే అని రెండోది. భయానికి మూడోది. కలియబెట్టి, ఉప్పు కరిగిందా లేదా అని వేలు పెట్టి చూసి, పోయి పోసినాను. గుడ్డు లేచినట్టే గొట్టం లేచింది. వారం రోజులు కలపని దాన్ని కలిపినావన్నారు. కలిపిన రోజు శభాష్ అన్నారు.

తప్పు కాదేమో. నీళ్లు కాదు కదా. ఉప్పు మంచిదే కదా.

తప్పే.

ఆయనతో చెప్పినాను. అటు తిరిగి కూర్చున్నాడు. తర్వాత భుజాలు కదిలినాయి. ఏడుస్తన్నాడనుకుని దగ్గరికి పోతే నవ్వుతన్నాడు. దగ్గు వచ్చేదాకా నవ్వినాడు. "నలభై ఏళ్లయ్యింది కాపురానికొచ్చి. ఒక్క రోజన్నా కూరలో ఉప్పు సరిగ్గా వేసినావా? పాలల్లో మాత్రం లెక్కకు సరిపోయేటట్టు వేసినావే." కళ్లు తుడుచుకుని, మళ్లీ మామూలుగా, "కాశయ్యకు చెప్పు" అన్నాడు.

"చెబితే కార్డు పోతది."

"చెప్పకపోతే విజయమ్మ టీ మీద పేరు పోతది."

ఇంత సూటిగా ఈ మనిషి ఎప్పుడూ మాట్లాడడు. మనసు ఇంకా పాడైంది.

జనవరి 29

లేవలేకపోయినాను. తల తిరిగింది. పాలు ఆయనే పిండినాడు, ఆయనే పోస్తానన్నాడు. ఆరుకు పిండిన పాలు క్యానులో ఉండంగానే పళ్లు తోముకున్నాడు, తోముతా తోముతా రోడ్డు దాకా పోయినాడు, ఎవరితోనో వానల గురించి మాట్లాడినాడు, వచ్చి గంజి తాగినాడు. మంచంలో నుంచి అరుస్తనే ఉన్నా, పాలు పాలు అని. ఎనిమిదింటికి పోసినాడు.

29.

ఉప్పు వేసినావా అని అడిగినాను. "నీ వంట కాదు కదా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. వారం నుంచి నేను తుడిచి, ఆరబెట్టి, పరుగెత్తి, ప్రార్థన చేసి పోస్తే 25. ఈయన ఊరంతా తిరిగి పోస్తే 29. ఆ చేతిలో ఏముంది?

కోపంలో ఈ డైరీ వెనక్కి తిప్పినాను. నర్సమ్మ చెప్పినట్టు ఏది జరిగింది ఏది జరగలేదని చూద్దామని. దిగుళ్లలో ఒక్కటీ జరగలేదు. అది సరే. ఇంకోటి కనపడింది.

20, ఆరుంబావు, 25.
21, ఆరుంబావు లోపలే, 25.
22, గంట రాయలేదు, 24.
23, ఏడున్నర, 28.
25, ఆరుంబావు, 25.
26, ఆరుంబావు, 25.
29, ఎనిమిది, 29.

పరుగెత్తిన రోజుల్లో తగ్గింది. ఆలస్యమైన రోజుల్లో పెరిగింది. చెక్క కాదు, గుడ్డ కాదు, ప్రార్థన కూడా కాదు, దేవుడు క్షమించాల.

ఇదివరకు కేంద్రం రోడ్డు మీద ఉన్నప్పుడు ఇరవై నిమిషాలు చలిలో నడిచేదాన్ని. ఇప్పుడు పొదుగులో నుంచి వచ్చిన వేడి వేడిగానే గొట్టం కింద పెడుతున్నా. మిగతావాళ్లంతా దూరం నుంచి, మెల్లగా, మాట్లాడుకుంటా వస్తారు. ఊరంతట్లో వేడి పాలు పోసేది నేనొక్కదాన్నే.

పాలు వేడిగా ఉంటే విశాలంగా కూర్చుంటాయేమో. చల్లబడితే దగ్గరికి జరుగుతాయేమో. ఉక్కపోతలో బస్సులో ఎవరూ ఆనుకుని కూర్చోరు, చలిలో కూర్చుంటారు.

రేచల్‌ను పిలిచినాను. విని, డైరీ ఇటివ్వమంది. ఇవ్వలేదు. నోటితో చదివి చెప్పినాను, 27 వదిలేసి.

జనవరి 30

పరీక్ష. సర్బత్ సీసా, దాని మెడ సన్నం. అప్పుడే పిండిన పాలు పోసి, పై నురగంతా తీసేసి, పాలు నిలబడిన చోట మెడకు దారం కట్టినాం. దుకాణం కాటా అడిగి తెచ్చుకుని తూచినాం. తర్వాత చన్నీళ్ల తొట్టిలో నిలబెట్టినాం. గంట.

గంట కూర్చోవడం నా వల్ల కాలేదు. మేత వేసి వచ్చినాను, కల్లాపి చల్లినాను. వచ్చి చూస్తే పాలు దారానికి గోరెడు కిందికి దిగినాయి.

ఆయన్ని చూసినాను. ఆయన రెండు చేతులూ పైకెత్తినాడు. "నా మూతి వాసన చూసుకో" అన్నాడు. రేచల్, "మామ తాగలేదత్తా, నేను ఇక్కడే ఉన్నా" అనింది. తడి తుడిచి మళ్లీ తూచినాం. బరువు అంతే. ఒక్క గ్రామన్నా తగ్గలేదు.

పాలు అవే. బరువు అదే. కూర్చున్న చోటు తగ్గింది. చోటు తగ్గితే ఇరుకు పెరుగుద్ది. ఇరుకు పెరిగితే గొట్టం లేస్తది.

"అత్తా, పరీక్ష మీరు రాయాల్సింది" అనింది రేచల్. ఆ మాట ఒకటికి రెండుసార్లు అనిపించుకున్నా, వినపడనట్టు నటించి.

మిగతా పాలు చల్లార్చి ఎనిమిదింటికి పోసినాను. 29.

జనవరి 31

రెండో తారీకు సూపర్‌వైజరు ముందు చూపించాలంటే ఈ డైరీయే సాక్ష్యం. తారీకులు, గంటలు, అంకెలు అన్నీ ఇందులోనే ఉన్నాయి. రేచల్ వేరే కాగితం మీద ఎత్తి రాస్తానంది. ఆయన వద్దన్నాడు. "కొత్త కాగితం చూస్తే నిన్న రాసిందంటారు. దీంట్లో అయితే కొట్టివేతలు, కూర మరకలు అన్నీ ఉన్నాయి. ఇది ఎవరూ కల్పించలేరు."

కానీ ఇందులో 27, 28 ఉన్నాయి.

మధ్యాహ్నం గంజి పూసి ఆ రెండు పేజీలు అంటించినాను. బాగా అంటుకున్నాయి. చేత్తో తడిమినాను. మందంగా తగిలింది. ఎవరైనా తడిమితే తెలుస్తుంది. ఇంత చిన్న చోటులో రెండు పేజీల బరువు.

విజయ ఇప్పటికీ టీ పెట్టడం లేదు. కాశయ్య దుకాణానికి పోయి తాగి వస్తన్నాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకుని నాలుగు రోజులయ్యింది.

అన్నం కుండ ఆవిరి మీద పెట్టి పేజీలు విడదీసినాను. ఇవి ముడతలు పడింది అందుకే.

ఫిబ్రవరి 2

సూపర్‌వైజరు పేరు రాజ్ కుమార్. మా వినయ్ కంటే చిన్నవాడు. బైకు మీద వచ్చి, రిజిస్టరు తీసి, "ఐదు గీతలు. ఎలీషబా ఎవరు?" అన్నాడు. వసారాలో పది మంది ఉన్నారు. వెంకటసుబ్బులమ్మ ఎప్పుడో పాలు పోసేసింది, అయినా పోలేదు.

నేను రెండు క్యాన్లతో పోయినాను. ఆరున్నరకు పిండినవే రెండింట్లోనూ సగం సగం. "నాయనా, దీంట్లో ఇప్పుడు చూడు" అన్నాను. 25. వెంకటసుబ్బులమ్మ గొంతు సవరించుకుంది. రెండో క్యానును కాశయ్య తొట్టిలో చన్నీళ్లలో దించినాను. "దీన్ని అరగంట ఆగి చూడు."

"అరగంటా?" అన్నాడు.

"నాకు అరగంట ఆగడం నీ కంటే కష్టం నాయనా" అన్నాను. "నేనే ఆగుతన్నా."

ఆగినాం. అంత సేపు ఏ పనీ లేకుండా నేనెప్పుడూ కూర్చోలేదు. ఆయన ఆ పిల్లవాడికి పలకల గనుల కబుర్లు చెప్పినాడు. చివరికి గొట్టం వేసినారు. అందరూ వంగినారు. 28 దాటి, 29 దగ్గర నిలబడింది.

రాజ్ కుమార్ గొట్టాన్ని పైకి తీసి తిప్పి చూసి, కాశయ్యకు చూపించినాడు. "ఎంత వేడి దగ్గర చూడాలో దీని మీదనే ఉంది కదన్నా. ఇరవై ఏడు డిగ్రీలు."

కాశయ్య తల గోక్కున్నాడు. "అది మోడల్ నెంబరనుకున్నా."

అప్పుడు డైరీ ఇచ్చినాను. తారీకు తారీకు చూసుకుంటా పోయినాడు, రిజిస్టరు పక్కన పెట్టుకుని. బాగానే పోతన్నాడు. ముడతల పేజీ ముందు ఆగినాడు. చదవలేదు, రిజిస్టరే చూసినాడు. "ఇరవై ఏడో తారీకు కూడా ఆరుంబావుకే పోసినారు. వేడి పాలే. మరి 30 ఎట్ల వచ్చింది?"

చలి ఎక్కువైందని అనొచ్చు. నాకు గుర్తు లేదని అనొచ్చు. అన్నీ నాలుక మీదకొచ్చినాయి. లోపల విజయ గిన్నెలు సర్దే చప్పుడు వినపడింది.

"ఉప్పు వేసినా" అన్నాను. "మూడు చెంచాలు. ఆ రోజు ఒక్క రోజే. విజయ టీలో ఉప్పు విజయ వెయ్యలేదు, నేను వేసినా."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. విజయ గడప మీదకు వచ్చి నిలబడింది, చేతిలో గరిటె. నన్ను చూడలేదు. మొగుణ్ని చూసింది.

"వినపడిందా?" అనింది.

"వినపడింది" అన్నాడు కాశయ్య.

"ఇంకొకసారి చెప్పమను పెద్దమ్మను. నీకు ఒకసారికి వినపడదు గదా."

కాశయ్య, "ఆరు రోజులు దుకాణం టీ తాగినా, దానికంటే ఉప్పు టీయే నయం" అన్నాడు నెమ్మదిగా. నవ్వొచ్చింది మొదట వెంకటసుబ్బులమ్మకే. ఆ టీ ఆమె దుకాణానిదే అని ఆమెకు తర్వాత తట్టింది.

రాజ్ కుమార్ నవ్వలేదు. రిజిస్టరు తీసుకుని ఎర్రగీతలు ఐదింటినీ ఒక్కొక్కటే కొట్టేసి సంతకం పెట్టినాడు. తర్వాత 27 దగ్గరికి వచ్చి, నన్ను చూసినాడు.

"గియ్యి నాయనా" అన్నాను.

ఎర్రగీత గీసినాడు. "కార్డు ఉంటుంది. ఈ గీత కూడా ఉంటుందవ్వా."

ఉండనీ. ఆ ఐదూ నావి కావు. ఇది నాది.

పోయేటప్పుడు వెంకటసుబ్బులమ్మ నా పక్కన నడిచింది. "వదినా, నీళ్లని అన్నందుకు మనసులో పెట్టుకోవాకు."

"పెట్టుకోలేదులే వదినా. నీళ్లు కాదు, ఉప్పు అను."

ఫిబ్రవరి 3

బీపీ చూపించుకున్నా. తగ్గింది. తగ్గిందేమిటా అని దిగులు పడ్డాను, మిషన్ చెడిపోయిందేమోనని. నర్సమ్మ తనకు కూడా చూసుకుని చూపించింది. మిషన్ బాగుంది.

ఫిబ్రవరి 6

ఇప్పుడు కాశయ్య వసారాలో తొట్టి పెట్టినాడు. ఎవరి పాలైనా వేడిగా ఉంటే అందులో ఉంచి చూస్తాడు. దానికి నా పేరు పెట్టినారు. ఎలీషబమ్మ తొట్టి. తిట్టో పొగడ్తో తెలియదు, అడగలేదు.

ఆరుంబావుకు క్యాను దించి అరగంట కూర్చోవాల. మొదటి రోజు లేచి లేచి చూసినాను, పిల్లి వస్తదేమో, తొట్టి కారుతదేమో, మరీ చల్లబడి పాలు గడ్డకడతాయేమోనని. రెండో రోజు విజయ టీ ఇచ్చింది. నోట్లో పెట్టుకునేదాకా నా మొహమే చూసింది. చక్కెర నాలుగు చెంచాలు వేసినట్టుంది. అంతా తాగినాను.

ఈ పొద్దు విజయ, నేను మెట్ల మీద కూర్చుని వాళ్ల అమ్మగారి ఊరు కొనకనమిట్లలో వానలెట్లున్నాయో మాట్లాడుకుంటన్నాం. కాశయ్య లోపల నుంచి, "పెద్దమ్మా, పాలు పోస్తావా పొయ్యవా" అని పిలిచినాడు.

చూస్తే గంటయ్యింది.